ఆకాశపు సంతలు

తూర్పు కనుమలలో అనంతగిరి మొదలుకొని పాడేరు, చింతపల్లి వరకు వ్యాపించియున్న కొండసీమలో సంతకు గల ప్రాముఖ్యము ఇంతింత యనరాదు. కొండచరియలందును లోయలందును చెదరియున్న చిన్న చిన్న పల్లెల జనులు వారమున కొకసారి ఒకచోట చేరుదురు. అల్లము, పసుపు, చింతపండు, పిప్పళ్ళు, అడ్డాకులు, కొండచీపుళ్ళు తలలపైనను కావళ్ళలోను మోసికొని వత్తురు. మైదానమునుండి వచ్చు వర్తకులు ఉప్పు, ఎండుచేపలు, బట్టలు, పాత్రలు తెత్తురు. అరకు, సుంకరమెట్ట, హుకుంపేట, పాడేరు, ముంచింగిపుట్టు మున్నగు సంత యూళ్ళు ఈ సీమలో పెక్కు కలవు.

బాలబాలికలారా! ఈ సంతలను గూర్చి ఒక చిన్న లెక్క వేయుడు. వారమునకు దినములు ఏడే. సంత జరుగు ఊళ్ళో, ఏడుకంటె ఎంతయో ఎక్కువ. ఒక్కొక్క దినమును ఒక్కొక్క యూరికే విడిచిపెట్టినచో ఏడూళ్ళకు మించి సంత జరుగుటకు వీలులేదు. ఐనను ఈ సీమలో ఎవరికిని దినములు చాలకపోలేదు. దీని కిటుకు ఏమి?

పొరుగుపొరుగున నున్న ఊళ్ళకు వేఱువేఱు దినములు ఉండవలెను. రెండు పొరుగూళ్ళలో ఒకేనాడు సంత జరిగినచో జనము చీలిపోవును. వర్తకుడు ఎచటికి పోవలెనో తెలియక తికమక పడును. రెండు సంతలును చెడును. కాని రెండూళ్ళ నడుమ ఒక పగటి నడకయు, నాలుగు కొండలును అడ్డముగా నున్నప్పుడు రెండింటికిని ఒకే దినము ఉన్నను బాధ లేదు. ఒకదాని సందడి మఱియొకదానిని అంటదు. ఇట్లు ఏడు దినములే మరల మరల వాడుకకు వచ్చి, ఎన్ని సంతలకైనను చాలుచున్నవి. దినము కొఱతగా నున్నను, దూరము ఆ కొఱతను తీర్చుచున్నది.

నేటి సమాచార ఉపగ్రహములు ఆకాశమున చేయుచున్న పని సరిగా ఇదియే. వానికి దినములకు బదులు పౌనఃపున్యములు కలవు. ఊళ్ళకు బదులు పుంజములు కలవు. ఆ పని ఎట్లు జరుగుచున్నదో, దానివలన కొండపల్లెలకు కలుగు మేలు ఏమో ఈ పాఠమున తెలిసికొందము.

రేడియో, టెలివిజను, సెల్ ఫోను, ఉపగ్రహము - ఇవియన్నియు కంటికి కానరాని విద్యుదయస్కాంత తరంగములపై ఆధారపడి పనిచేయుచున్నవి. నిలుకడగా నున్న చెఱువులో రాయి వేసినచో అలలు లేచును గదా! ఒకచోట నిలిచి చూచినచో ఒక సెకనులో ఎన్ని అలలు దాటిపోవునో ఆ సంఖ్యయే పౌనఃపున్యము. సెకనునకు ఒక అల దాటినచో అది ఒక హెర్ట్జు. పదిలక్షల అలలు దాటినచో ఒక మెగాహెర్ట్జు. నూఱుకోట్ల అలలు దాటినచో ఒక గిగాహెర్ట్జు. సమాచార ఉపగ్రహములు తఱచుగా 12, 14, 20, 30 గిగాహెర్ట్జుల ప్రాంతమునందలి తరంగములను వాడుచున్నవి. ఈ తరంగములన్నియు సెకనునకు సుమారు 3 లక్షల కిలోమీటర్ల వేగముతో పోవును. అందువలన పౌనఃపున్యము పెరిగిన కొలది ఒక్కొక్క అల పొడవు తగ్గును. 12 గిగాహెర్ట్జుల తరంగములో అల పొడవు రెండున్నర సెంటీమీటర్లు; 20 గిగాహెర్ట్జుల తరంగములో ఒకటిన్నర సెంటీమీటరు మాత్రమే.

సంఖ్యలకు అంతము లేనట్లే పౌనఃపున్యములకును అంతము లేదని మనకు తోచును. కాని వాడుకకు వచ్చునవి కొన్నియే. కొన్ని తరంగములను గాలిలోని నీటియావిరి త్రాగివేయును. మిగిలినవానిని విమానములు, ఓడలు, సైన్యములు, రేడియో కేంద్రములు, సెల్ ఫోనులు, ఖగోళ పరిశోధకులు పంచుకొనవలెను. 1865లో తంతివార్తల కొఱకు ఏర్పడి, నేటికిని పనిచేయుచున్న అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ సంఘము ఈ పంపకమునకు కట్టుబాట్లు చేయుచున్నది. ఉపగ్రహములకు వచ్చిన వంతు ఒక సన్నని చెలక వంటిది. అడుగువారు పెరిగినంత మాత్రమున చెలక పెరుగదు.

ఇచట మీరు ఒక విషయమును గుర్తింపవలెను. బొగ్గును కాల్చినచో తఱిగిపోవును. నూనెను వాడినచో అయిపోవును. పౌనఃపున్యము అట్టిది కాదు. ఎంత వాడినను అది తఱుగదు, వాడకున్నను పెరుగదు. అది చెడునది ఒక్క విధముననే: ఒకే తావున, ఒకే వేళ ఇద్దరు దానిని వాడినపుడు. అప్పుడు ఇద్దరి మాటలు కలగలిసి ఎవరి మాటయు వినబడదు. కావున ఈ సంపదను కాపాడుట యనగా దాచిపెట్టుట కాదు; ఒకరి హద్దులోనికి మఱియొకరు రాకుండ వాడుకొనుట.

దీనికి తార్కాణము మన రేడియోలోనే కలదు. ఒక ప్రయివేటు రేడియో సంస్థ హైదరాబాదులోను, విజయవాడలోను, విశాఖపట్టణములోను 93.5 మెగాహెర్ట్జుల మీదనే ప్రసారము చేయుచున్నది. ఈ మూడు నగరముల కార్యక్రమములును ఒకదానితో ఒకటి కలియుట లేదు. ఒక నగరపు స్తంభమునుండి బయలుదేరిన తరంగము మఱియొక నగరమును చేరుసరికి క్షీణించిపోవును. 1947లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో డగ్లస్ రింగ్ అను ఇంజనీరు ఈ యూహనే మఱింత క్రమముగా వివరించెను. దేశమును తేనెపట్టు గదుల వలె చిన్న చిన్న గదులుగా విభజించి, దూరముగా నున్న గదులకు అవే పౌనఃపున్యములను మరల ఇయ్యవచ్చునని చూపెను. నేటి సెల్ ఫోనునకు ఆ పేరు వచ్చినది ఆ గదులవలననే; ఆంగ్లమున సెల్ అనగా గది.

మైదానములందు సెల్ స్తంభములు ఈ పనిని చక్కగా చేయుచున్నవి. కొండసీమలో వానికి చిక్కులు ఎదురగును. ఈ తరంగములు వెలుతురువలె దాదాపు తిన్నగా పోవును. కొండ అడ్డము వచ్చినచో వెనుక నీడ పడును. ఒక లోయలో నాటిన స్తంభము ప్రక్క లోయను చూడజాలదు. భూమిలో గాజుతీగలను వేయుదమన్నను సులభము కాదు. కొత్తవలసనుండి కిరండూలు వరకు వేసిన రైలుమార్గమునకు ఈ కొండలలో 58 సొరంగములు త్రవ్వవలసి వచ్చెను. ఆ మార్గములోని శిమిలిగుడ స్టేషను సముద్రమట్టమునకు సుమారు 996 మీటర్ల యెత్తున ఉన్నది. బైలదిల్లా ఇనుపరాతిని విశాఖ రేవునకు చేర్చుటకై అంత వ్యయమును భరించిరి. ఇరువది గడపలు గల యొక పల్లెకొఱకు కొండను తొలుచువారు ఎవరు?

ఇది కేవలము వినోదమునకు సంబంధించిన కొఱత కాదు. రోడ్డు లేని పల్లెలనుండి రోగులను డోలీలో కూర్చుండబెట్టి కొండలు దిగుట ఈ సీమవారికి తెలిసిన కష్టము. డోలీ మోయుటకు ముందు ఆసుపత్రిలో వైద్యుడు ఉన్నాడో లేడో ఒక్క మాట తెలిసినచో ఎంత మేలు! పాము కఱచినవానికి ముందుగా ఏమి చేయవలెనో చెప్పువారు ఫోనులో దొరకినచో ఎంత మేలు! పింఛను సొమ్మునకును, బియ్యమునకును వ్రేలిముద్ర వేయు యంత్రము నేడు వాడుకలోనికి వచ్చినది. ఆ యంత్రమునకు సంకేతము అందనిచో ముసలివారు మఱియొక దినము నడిచి రావలసియుండును. మాట చేరని చోటికి మేలును ఆలస్యముగానే చేరును.

కొండలు నేలమీది స్తంభమునకు అడ్డము వచ్చును గాని, నడినెత్తిమీదనుండి చూచుదానికి అడ్డము రాజాలవు. 1945లో ఆర్థర్ క్లార్క్ అను ఆంగ్ల రచయిత ఒక సూచన చేసెను. భూమధ్యరేఖకు పైగా సుమారు 35,786 కిలోమీటర్ల యెత్తున ఒక ఉపగ్రహమును నిలిపినచో అది భూమితో సమానముగా తిరుగును. కావున నేలనుండి చూచువారికి ఒకేచోట నిలిచినట్లు తోచును. ఇట్టివానినే భూస్థిర ఉపగ్రహములు అందురు. మన దేశపు జీశాట్-11 ఉపగ్రహము 74 డిగ్రీల తూర్పు రేఖాంశమునకు పైన ఇట్లు నిలిచియున్నది. అరకులోయలో నిలువబడి చూచువారికి ఆ స్థానము దక్షిణమునకు కొంత పడమరగా, దిక్చక్రమునుండి సుమారు 66 డిగ్రీల యెత్తున ఉండును. నడినెత్తి 90 డిగ్రీలు గదా! కొండ ఎంత దగ్గఱగా నున్నను గోడవలె నిట్టనిలువుగా లేచినప్పుడే ఆ చూపునకు అడ్డము వచ్చును. లోయలోని పాఠశాల పైకప్పుపై ఒక చిన్న గిన్నె వంటి ఆంటెనాను పెట్టినచో చాలును.

ఉపగ్రహముద్వారా పల్లెలకు పాఠములు చేర్చుట మన దేశమునకు కొత్త కాదు. 1975 ఆగస్టు 1వ తేదీనుండి 1976 జూలై 31వ తేదీ వరకు ఒక సంవత్సరముపాటు అమెరికా వారి ఏటీఎస్-6 అను ఉపగ్రహము సాయముతో ఆరు రాష్ట్రములలోని సుమారు 2,400 గ్రామములకు టెలివిజను కార్యక్రమములు అందినవి. అందు ఆంధ్రప్రదేశమును ఒకటి. 1981 జూన్ 19వ తేదీన మన దేశపు మొదటి ప్రయోగాత్మక భూస్థిర సమాచార ఉపగ్రహము "ఆపిల్" ఆకాశమునకు ఎగసెను.

ఆ కాలమున ఒకే వెడల్పయిన పుంజము దేశమంతటిపై పడినను చాలెను. ఏలయన, అది చాటింపు వంటిది. ఊరిలో దండోరా వేయువాడు ఒకే మాటను అందఱకును చెప్పును. వినువారు పదిమంది యైనను, పదివేలమంది యైనను శ్రమ ఒకటియే. కాని నేడు మనము అడుగుచున్నది చాటింపు కాదు, ఉత్తరము. అరకు బాలిక తన పాఠమును అడుగును. పాడేరు వైద్యుడు తన రోగి చిత్రమును పంపును. కాఫీ రైతు ధరను అడుగును. ఎవరి ప్రశ్న వారిది; ఎవరి జవాబు వారిది. ఒకే పుంజము దేశమంతటిపై పడుచుండగా అరకు బాలికకు పంపిన ఉత్తరము కచ్ఛు ఎడారిపైనను, కన్యాకుమారిపైనను వృథాగా కురియును. ఆ సమయమున ఆ పౌనఃపున్యము మఱియెవ్వరికిని పనికిరాదు. అనగా దేశమంతటికిని కలిపి వారమునకు ఒకే సంత!

దీనికి మందు పుంజమును సన్నము చేయుట. చిమ్నీ దీపము వెలుతురు నలువైపుల చెదరును. టార్చిలైటు వెనుక గిన్నె వంటి అద్దము ఉండుటచే వెలుతురు ఒకవైపునకే పోవును. ఉపగ్రహపు ఆంటెనాకును ఇట్టి గిన్నెయే కలదు. దీనిని పరావర్తకము అందురు. గిన్నె ఎంత పెద్దదైన పుంజము అంత సన్నము. అల ఎంత పొట్టిదైన పుంజము అంత సన్నము. ఇంజనీర్లు వాడు ఒక ఉజ్జాయింపు సూత్రము కలదు. అల పొడవును గిన్నె వ్యాసముతో భాగించి, 70చే గుణించినచో పుంజము వెడల్పు డిగ్రీలలో వచ్చును.

మనమును లెక్క కట్టి చూతము. అల పొడవు ఒకటిన్నర సెంటీమీటరు, గిన్నె వ్యాసము రెండున్నర మీటర్లు, అనగా 250 సెంటీమీటర్లు అనుకొనుడు. 1.5ను 250తో భాగించి 70చే గుణించినచో 0.42 డిగ్రీ వచ్చును. ఉపగ్రహమునుండి భూమికి సుమారు 36 వేల కిలోమీటర్లు. ఆ దూరమున ఒక డిగ్రీ సుమారు 628 కిలోమీటర్లకు సమానము. కావున 0.42 డిగ్రీ అనగా సుమారు 264 కిలోమీటర్లు. ఆకాశమున అంత దూరముననుండి విశాఖనగరమును, అరకును, చుట్టుప్రక్కల కొండలను మాత్రమే తాకునట్లు ఒక వెలుగుగుండ్రమును నేలపై వేయవచ్చునన్నమాట. పైగా ఉపగ్రహపు శక్తి యంతయు చిన్న తావున పడుటచే సంకేతము బలముగా నుండును. కావున నేలమీది ఆంటెనా చిన్నదైనను చాలును. కొండపైకి తలమీద మోసికొని పోదగిన పరికరము అగును.

ఒక పుంజము ఒక సీమనే తాకును. దేశమంతటికిని ఎన్నో పుంజములు కావలెను. అన్నింటికి అన్ని గిన్నెలు పెట్టుట అసాధ్యము గదా! ఇచట ఒక చక్కని ఉపాయము కలదు. టార్చిలైటులో బల్బును నడిమి స్థానమునుండి కొంచెము ప్రక్కకు జరిపినచో వెలుతురు రెండవ ప్రక్కకు వంగును. అట్లే ఒకే గిన్నె యెదుట కొమ్ముబూర ఆకారము గల గొట్టములను అనేకముగా వరుసలు తీర్చి నిలుపుదురు. ఒక్కొక్క కొమ్మునుండి వెడలిన తరంగము గిన్నెకు తగిలి ఒక్కొక్క దిక్కునకు పోవును. ఒక కొమ్ము ఒక సీమకు, ప్రక్క కొమ్ము ప్రక్క సీమకు. ఐతే కొమ్ముల మూతులు వెడల్పుగా నుండుటచే అన్నియు ఒకదాని నొకటి ఆనుకొని ఇముడవు. అందువలన తఱచుగా మూడు నాలుగు గిన్నెలు పెట్టి, ఎడమెడముగా నున్న సీమలను ఒక గిన్నెకును, వాని నడిమి సీమలను మఱియొక గిన్నెకును ఒప్పగింతురు.

ఇక అసలు కిటుకు. ఏ సీమకు ఏ పౌనఃపున్యము? ఒక కాగితముపై తేనెపట్టు గదులను గీసి రంగులు వేయుడు. మొదటి వరుసలో ఎఱుపు, పసుపు, ఎఱుపు, పసుపు. రెండవ వరుసలో ఆకుపచ్చ, నీలము, ఆకుపచ్చ, నీలము. మూడవ వరుస మొదటిదానివలె, నాల్గవది రెండవదానివలె. కాగితము ఎంత పెద్దదైనను నాలుగు రంగులే చాలును. ఒకే రంగు గల రెండు గదులు ఎచ్చటను తాకవు. పొరుగు గదులకు వేఱువేఱు రంగులుండుటకు మాత్రమే యైనచో మూడు రంగులైనను చాలును. కాని నాలుగింటివలన ఒకే రంగు గల గదుల నడుమ ఎడము ఇంకను పెరుగును.

ఈ నాలుగు రంగులు ఎచటినుండి వచ్చును? ఉపగ్రహమునకు దొరకిన పౌనఃపున్యముల పట్టీని రెండు భాగములు చేయుదురు. క్రింది సగము, పై సగము. అది రెండు రంగులు. తక్కిన రెండును ధ్రువణమువలన వచ్చును. ధ్రువణమనగా ఏమో ఒక త్రాటితో తెలియగలదు. త్రాటి కొనను చెట్టునకు కట్టి, రెండవ కొనను పట్టుకొని పైకిని క్రిందికిని ఊపినచో అలలు నిలువుగా లేచును. ప్రక్కలకు ఊపినచో అడ్డముగా లేచును. నడుమ నిలువు వెదుళ్ళ దడి యున్నచో నిలువు అలలు దాటిపోవును. అడ్డపు అలలు నిలిచిపోవును. తరంగములకును ఇట్టి తీరులు కలవు. ఒకే పౌనఃపున్యమున నిలువుగా ఊగు తరంగమును, అడ్డముగా ఊగు తరంగమును వేఱువేఱు వార్తలను మోసికొని పోగలవు. కుడివైపునకును, ఎడమవైపునకును మెలిదిరుగు తరంగములను ఇట్లే వాడుదురు.

ఈ ధ్రువణమును గూర్చి మన దేశీయుడు ఆచార్య జగదీశ చంద్ర బోసు 19వ శతాబ్దపు చివరి సంవత్సరములలోనే కలకత్తాలో ప్రయోగములు చేసెను. ఆయన వాడిన తరంగములు కొన్ని మిల్లీమీటర్ల పొడవు గలవి. నేటి ఉపగ్రహములలోని కొమ్ముల వంటి కొమ్ములను ఆయన ఆనాడే వాడెను. తరంగమును వడగట్టు దడికొఱకు ఆయన విలువైన పరికరమును వెదుకలేదు. రైలుబండ్ల వేళల పుస్తకమొకటి తీసికొని, పుటల నడుమ తగరపు రేకులను పెట్టి పని సాధించెను.

ఇప్పుడు లాభమును లెక్క వేయుదము. పౌనఃపున్యముల పట్టీ వెడల్పు 100 భాగములు అనుకొనుడు. దేశమంతటికిని ఒకే పుంజమున్నచో, రెండు ధ్రువణములను వాడినను 200 భాగములే దొరకును. దేశమునకు 32 పుంజములను ఏర్పఱచి, నాలుగు రంగులు వేసినచో ఒక్కొక్క పుంజమునకు పట్టీలో సగము, అనగా 50 భాగములు వచ్చును. 32ను 50చే గుణించినచో 1,600. పట్టీ పెరుగలేదు, వాడుక మాత్రము ఎనిమిది రెట్లయ్యెను. ఒక్కొక్క రంగు ఎనిమిది చోట్ల ఎవరికిని అడ్డము రాకుండ పనిచేయుచున్నది.

ఐతే ఈ యేర్పాటులో చిక్కులు లేకపోలేదు. టార్చి వెలుతురు గుండ్రము చుట్టును మసకవెలుతురు ఉండునట్లే, పుంజము అంచును దాటి కొంత శక్తి ప్రక్కలకు చిందును. ఆ చిందిన భాగము అదే రంగు గల మఱియొక సీమలో పడినచో అచట కలత కలుగును. ఆ కలత అసలు సంకేతముకంటె ఎంతో తక్కువగా నుండునట్లు గిన్నె వంపును, కొమ్ముల కొలతలను మిక్కిలి జాగ్రత్తగా నిర్ణయింపవలెను. రెండవ చిక్కు వాన. పొట్టి అలలను వానచినుకులు ఎక్కువగా త్రాగివేయును. పడుచున్న చినుకు పూర్తిగా గుండ్రముగా నుండక కొంచెము చదునగును. దానివలన నిలువు తరంగములో కొంత అడ్డమునకు తిరిగి రెండు ధ్రువణములు కలిసికొనును. వానకాలమున మబ్బులు కొండలను విడువని అరకు వంటి సీమలలో ఈ బాధ తెలియును. అట్టి వేళ సంకేతపు శక్తిని పెంచుటయో, వేగమును తగ్గించి నెమ్మదిగా పంపుటయో చేయుదురు. గాలివానలో దూరముననున్నవానికి చెప్పునపుడు మనము బిగ్గఱగా, విడివిడిగా పలుకుదుము గదా!

మూడవ చిక్కు ఇంకొకటి. అన్ని సీమల ఉత్తరములును ఉపగ్రహమున కలిసికొని ఎచటికి పోవలెను? నేలమీద నుండు పెద్ద కేంద్రములకు పోయి, అచటినుండి గాజుతీగలద్వారా లోకమునకు పోవలెను. సీమలయం దెనిమిది రెట్లు పెరిగిన భారమంతయు ఈ కేంద్రముల దారిమీద పడును. కావున కేంద్రములను గూడ దూరదూరముగా నిలిపి, వానికిని వేఱువేఱు పుంజములను ఇచ్చి, అచటను అవే పౌనఃపున్యములను మరల వాడుదురు.

జీశాట్-11 కథ దీనికి మంచి నిదర్శనము. దాని బరువు 5,854 కిలోగ్రాములు. అంత బరువును భూస్థిర కక్ష్య త్రోవను పట్టించుటకు ఆనాడు మన రాకెట్లకు శక్తి చాలకపోయెను. కావున దానిని దక్షిణ అమెరికాలోని ఫ్రెంచి గయానాలో నున్న కౌరూ కేంద్రమునకు పంపిరి. 2018 మార్చి 29వ తేదీన ప్రయోగించిన జీశాట్-6ఎ అను మఱియొక ఉపగ్రహముతో సంబంధము తెగిపోయెను. ఆ లోపము దీనియందును ఉన్నదేమో యని శాస్త్రజ్ఞులు సందేహించి, కౌరూ చేరిన జీశాట్-11ను వెనుకకు బెంగుళూరునకు రప్పించి మరల పరీక్షించిరి. ఆకాశమునకు పోయినపిదప బాగుచేయుటకు వీలులేని వస్తువు విషయమున తొందర తగదు గదా! తుదకు అది 2018 డిసెంబరు 5వ తేదీన ఏరియాన్-5 రాకెట్టుపై ఎగసెను. దానియందు ప్రజల ఆంటెనాలకై 32 పుంజములును, నేలమీది కేంద్రములకై 8 పుంజములును కలవు. సెకనునకు 16 గిగాబిట్లు, అనగా 1,600 కోట్ల బిట్లను పంపగల శక్తి దానికి గలదు. బిట్టు అనగా సున్న, ఒకటి అను రెండు గుర్తులలో ఒకటి.

దానికి మూడు వారములు ముందుగా, 2018 నవంబరు 14వ తేదీన, మన శ్రీహరికోటనుండి జీశాట్-29 ఎగసెను. జమ్మూ కాశ్మీరు, ఈశాన్య రాష్ట్రములు మున్నగు మారుమూల సీమల అవసరములను తీర్చుట దాని ఉద్దేశములలో ఒకటి. 2024 నవంబరులో అమెరికానుండి ప్రయోగించిన 4,700 కిలోగ్రాముల జీశాట్-ఎన్2 సామర్థ్యము సెకనునకు 48 గిగాబిట్లు. దాని 32 పుంజములలో 8 సన్ననివి ఈశాన్యపు కొండలకును, 24 వెడల్పయినవి తక్కిన దేశమునకును కేటాయింపబడినవి. ఇతర దేశములును ఈ త్రోవనే నడిచినవి. 1975లో ఎగసిన ఇంటెల్‌శాట్-4ఎ ఉపగ్రహము తూర్పు పడమరలకు వేఱువేఱు పుంజములను వేసి ఒకే పౌనఃపున్యమును రెండుమార్లు వాడెను. 2010 డిసెంబరులో ఎగసిన ఐరోపా వారి కా-శాట్ ఉపగ్రహమునకు 82 పుంజములు కలవు. నేడు తక్కువ యెత్తున గుంపులుగా తిరుగు ఉపగ్రహములును ఈ సూత్రముతోనే పనిచేయుచున్నవి.

ఉపగ్రహము తలపైన నున్నంత మాత్రమున పల్లెకు మాట వచ్చినట్లు కాదు. పుంజము శక్తిని దాని క్రింద నున్న ఊళ్ళన్నియు పంచుకొనవలెను. అడుగువారు పెరిగినచో ఒక్కొక్కరి వంతు తగ్గును. నేలమీద ఆంటెనాయు, దానికి విద్యుత్తును, దానిని బాగుచేయ నేర్చిన మనిషియు కావలెను. మాట ఉపగ్రహమునకు పోయి దిగుటకు సుమారు పావు సెకను పట్టును. గాజుతీగ చేరిన చోట గాజుతీగయే మేలు. స్తంభపు చూపు అందిన చోట స్తంభమే చవుక. ఈ రెండును చేరలేని పల్లెకే ఉపగ్రహము ఆధారము. అందువలననే సామర్థ్యమును పెంచుట అవసరము. పౌనఃపున్యములు కొఱతగా నున్న రోజులలో వాని వెల హెచ్చును. వెల హెచ్చినప్పుడు అవి ముందుగా పట్టణములకే పోవును. చిట్టచివర నిలుచునది కొండపల్లె. ఒకే సంపదను ఎనిమిది రెట్లు వాడు విద్య తెలిసినపిదప ఆ పల్లెను చివర నిలిపియుంచుటకు మనకు సాకు తగ్గిపోవును.

ఈ విద్యలో మాంత్రికమేమియు లేదు. లేనిదానిని సృష్టించుట లేదు. ఉన్నదానినే హద్దులెఱిగి పంచుకొనుట. పొరుగువానికి అడ్డము రాకుండుట, దూరమును గౌరవించుట, తనకు కావలసినంతమేరకే తన వెలుగును ప్రసరింపజేయుట - ఈ మూడింటిని పాటించినచో కొద్దిపాటి సంపదయు అందఱకును చాలును. సంతల విషయమున కొండసీమ జనులు ఈ నియమమును నిత్యము అనుభవించుచున్నారు. మీలో ఎవరైనను పెద్దయైన పిదప ఉపగ్రహములకు ఆంటెనాలు నిర్మింపవచ్చును. అప్పుడు పటముపై రంగులు వేయునపుడు ఏ గదియు రంగు లేక తెల్లగా మిగులకుండ చూడుడు.